రిపోర్ట్ నార్మల్.. మరి మంట ఎందుకు?

మూత్రంలో మంట అంటే మా కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఇళ్లల్లో వినిపించే మొదటి మాట 'వేడి చేసింది, బార్లీ నీళ్లు తాగు'. తగ్గకపోతే మెడికల్ షాపులో రెండు గోళీలు. అప్పటికీ తగ్గకపోతేనే టెస్టు. చాలామందికి అందులో ఇన్‌ఫెక్షన్ కనబడుతుంది, సరైన యాంటీబయాటిక్‌తో పోతుంది.

కానీ కొందరికి కల్చర్ టెస్టులో ఏ బ్యాక్టీరియా ఉండదు. అయినా నెలల తరబడి మంట, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ బాత్రూమ్‌కు పరుగు. ఇంట్లోవాళ్లేమో 'ఏం లేదన్నరు గదా, ఊకె టెన్షన్ పడ్తున్నవ్' అంటారు. ఈ వారం నేను చెప్పేది ఒక్కటే: రిపోర్ట్ నార్మల్ అంటే నొప్పి అబద్ధమని కాదు. ఆ మంట వెనుక నరాలు ఉండొచ్చు.

పెద్దవాళ్ల మూత్రాశయంలో సుమారు 300 నుంచి 500 మిల్లీలీటర్లు పడతాయి. ఎంత నిండిందో దాని గోడలోని నరాలు వెన్నుపాముకు, అక్కడి నుంచి మెదడుకు చెప్తాయి. వాటిలో ఎ-డెల్టా నరాలది రోజువారీ డ్యూటీ. సంచి సాగగానే 'ఇగ పోవాలె' అని కబురు పంపుతాయి. సి-ఫైబర్లు మాత్రం మామూలు రోజుల్లో చాలావరకు నిద్రలోనే ఉంటాయి. ఇన్‌ఫెక్షనో, వాపో వస్తే లేస్తాయి.

లేచాక అవి కబురు పంపి ఊరుకోవు. తమ కొసల నుంచి సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్‌పీ అనే రసాయనాలను మూత్రాశయం గోడలోకే వదులుతాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి, గోడ ఉబ్బుతుంది. పక్కనున్న మాస్ట్ కణాలు హిస్టమిన్ విడుదల చేస్తాయి. అది మళ్లీ నరాలనే రెచ్చగొడుతుంది. నరం కణాన్ని, కణం నరాన్ని.. ఇలా తిరుగుతూనే ఉంటుంది. దీన్నే న్యూరోజెనిక్ ఇన్‌ఫ్లమేషన్ అంటారు, అంటే నరాలు రాజేసే వాపు. బ్యాక్టీరియా లేని చోట యాంటీబయాటిక్ ఎన్ని కోర్సులు మింగినా ఈ చక్రం ఆగదు.

నమ్మకం కుదరట్లేదా? ఎండుమిర్చి తుంచిన చేతుల్ని గుర్తుచేసుకోండి. చేయి కాలదు, కానీ భగ్గుమంటుంది. మిర్చిలోని క్యాప్సైసిన్ నరం మీదున్న టీఆర్‌పీవీ1 అనే తలుపు తెరుస్తుంది, అంతే. దాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు, ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి 2021లో నోబెల్ వచ్చింది. అదే తలుపు మూత్రాశయం నరాల మీద కూడా ఉంది.

ఇన్‌ఫెక్షన్, రాళ్ల లాంటివి లేవని తేలాక కూడా ఇలాంటి నొప్పి వదలకపోతే డాక్టర్లు ఇంటర్‌స్టీషియల్ సిస్టైటిస్ లేదా బ్లాడర్ పెయిన్ సిండ్రోమ్‌ను అనుమానిస్తారు. ఆడవాళ్లలో ఎక్కువ. దీనికి కారణం ఒక్కటే కాదు, నరాలు అందులో ఒక ముఖ్యమైన భాగం. అందుకే డాక్టర్ కొన్నిసార్లు తక్కువ డోసులో అమిట్రిప్టిలిన్ రాస్తారు. గూగుల్ చేస్తే 'డిప్రెషన్ మందు' అని వస్తుంది. 'నన్ను పిచ్చిదాన్ని అనుకున్నరా' అని మానేయకండి. తక్కువ డోసులో అది నరాల నొప్పిని తగ్గించడానికి వాడతారు. మానాలంటే డాక్టర్‌నే అడగండి.

చాట ఒళ్లో పెట్టుకుని గంటలకొద్దీ బీడీలు చుట్టే అమ్మలు, కరీంనగర్‌లో బస్సెక్కి ఆదిలాబాద్‌లో దిగేదాకా గుక్క నీళ్లు తాగని అమ్మాయిలు మన దగ్గర ఎంతోమంది. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది. అసలే రెచ్చిపోయిన నరాలకు అది ఇంకా మంట. కొందరికి కారం, చాయ్, కాఫీ కూడా పడవు. ఏది పడట్లేదో మీరే గమనించాలి.

మూడు రోజులు ఫోన్ నోట్స్‌లో రాయండి: ఎప్పుడు, ఎంత తాగారు, ఎన్నిసార్లు పోయారు, నొప్పి ఎప్పుడు పెరిగింది. యూరాలజిస్ట్‌కు అది చూపిస్తే సగం ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. మూత్రంలో రక్తం పడినా, చలిజ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా మాత్రం నోట్స్ పక్కన పెట్టి వెంటనే దవాఖానకు వెళ్లండి.

ఇంట్లో ఎవరైనా 'మంట' అంటే, రిపోర్ట్ కన్నా ముందు వాళ్ల మాట వినండి.