ముందొచ్చిన పూత.. ఎండ వల్లా? పంచాంగం వల్లా?

చివ్వెంల: చలికాలం చలి చూపకుండా గడిచిన ప్రతి ఏటా మన పల్లెల్లో ఒకే మాట వినబడుతుంది. మాఘం దాటకముందే మోదుగు పూసిందని, ఉగాది ఇంకా దూరముండగానే వేప చిగురించిందని, మామిడి తొందరపడిందని పెద్దలు చెబుతుంటారు. ఈ మాటలో నిజం లేకపోలేదు. అయితే అందులో ఎండ పాలు ఎంత, పంచాంగం పాలు ఎంత అన్నది తేల్చుకోకుండా తోట బేరాలకు దిగితే నష్టపోయేది రైతే.

పండుగతో కొలిస్తే చిక్కే

పల్లెలో రుతువుకు కొలత పండుగే. దురాజ్‌పల్లి పెద్దగట్టుపై రెండేళ్లకోసారి మాఘమాసంలో లింగమంతుల స్వామి జాతర జరుగుతుంది. ఆ నాటికి ఉండ్రుగొండ అడవి వైపు మోదుగులు ఎర్రబడితే, ఈసారి ముందే పూశాయని అనుకోవడం సహజం. ఆ జాతర 2023లో ఫిబ్రవరి 5న మొదలు కాగా, 2025లో ఫిబ్రవరి 16న మొదలైంది. చెట్టు రెండుసార్లూ ఒకే తేదీన పూసినా, రెండోసారి పదకొండు రోజులు ముందుకు జరిగినట్లు మనకు తోస్తుంది.

ఉగాది సంగతీ అంతే. 2024లో ఏప్రిల్ 9న వచ్చిన పండుగ, 2025లో మార్చి 30కి, 2026లో మార్చి 19కి జరిగింది. చాంద్రమాన సంవత్సరం సౌరమానం కన్నా దాదాపు 11 రోజులు చిన్నది. ఆ లోటును అధికమాసం పూడుస్తుంది. 2023లో అధిక శ్రావణం రావడంతోనే మరుసటి ఉగాది ఏప్రిల్‌లో పడింది. అలాంటి ఏడాది పచ్చడికి వేపపూత దండిగా దొరికితే అది ఎండ గొప్పతనం కాదు. వేపకు పంచాంగం తెలియదు కదా!

ఎండ పాలూ ఉంది

అలాగని అంతా భ్రమేనని కొట్టిపారేయలేము. భారత వాతావరణ శాఖ లెక్కల ప్రకారం 1901 నుంచి నమోదైన వాటిలో 2023 ఫిబ్రవరి పగటి ఎండ దేశం మొత్తం మీద అత్యధికం. గరిష్ఠ ఉష్ణోగ్రతల సగటు 29.54 డిగ్రీలు. ఇది సాధారణం కన్నా సుమారు 1.7 డిగ్రీలు ఎక్కువ. పగలు, రాత్రి కలిపి చూసిన సగటులో 2025 ఫిబ్రవరి అన్ని ఫిబ్రవరులనూ మించింది. రెండేళ్ల వ్యవధిలో రెండు రికార్డులు చెదరడం చిన్న విషయమేమీ కాదు.

అయితే చెట్లన్నీ ఈ వేడికి ఒకేలా స్పందించవు. మోదుగు వంటి అడవి చెట్ల పూత ఆకురాలు కాలం, నేలలోని తేమ, పగటి నిడివి, వేడి అన్నింటి మీదా ఆధారపడుతుంది. మామిడి తీరు వేరు. ముదిరిన రెమ్మ చివర మొగ్గ పూతగా మారాలంటే కొన్ని వారాల పాటు రాత్రి ఉష్ణోగ్రత 15 డిగ్రీల దరిదాపుల్లో ఉండాలి, నేల కాస్త ఎండాలి. ఆ చలి లేకుంటే పూత రావలసిన చోట లేత ఆకులు తొడుగుతాయి. మధ్యలో నాలుగు రోజులు చలి పెట్టి వదిలేస్తే కొన్ని కొమ్మలు ముందు, మరికొన్ని ఆలస్యంగా, విడతలు విడతలుగా పూస్తాయి. అంటే వెచ్చని చలికాలం మామిడిని తొందరపెట్టడమే కాదు, ఒక్కోసారి పూతనే మింగేస్తుంది.

ఇక్కడే రైతుకు అసలు చిక్కు. పూత చూసి తోటను వ్యాపారికి గుత్తకు ఇచ్చే అలవాటు మన ప్రాంతంలో పాతదే. ముందుగా విరగబూసిన తోట కంటికి నిండుగా కనబడుతుంది. కానీ ఆ పూత చలి రోజుల్లో విచ్చుకుంటే మగపూలు ఎక్కువ, పిందె తక్కువ. దానిపై పొగమంచు, మబ్బు పడితే బూడిద తెగులు, తేనెమంచు పురుగు తప్పవు. విడతల పూతకు మందు కూడా విడతలుగానే కొట్టాలి, కాయ విడతలుగానే కోయాలి. ఖర్చు పెరుగుతుంది, దిగుబడి పెరగదు. తొలి పూతను చూసి ధర కుదుర్చుకున్న ఇద్దరిలో ఒకరు మోసపోక తప్పదు. పిందె బఠాణీ గింజంత అయ్యేదాకా బేరం వాయిదా వేసుకోగలిగిన రైతుకు ఈ బాధ కొంత తప్పుతుంది. అప్పు తీర్చాల్సిన రైతుకు ఆ వెసులుబాటు ఎక్కడిది?

యాసంగి వరికి మాత్రం గోరువెచ్చని డిసెంబరు మేలే. చలికి నారు ఎర్రబడి చచ్చే బెడద తగ్గుతుంది. అయితే అదే వేడి ముందుగా ముదిరితే నీటి అవసరమూ ముందే పెరుగుతుంది. 2024 మార్చిలో నీరందక జిల్లాలో వరి ఎండిన సంగతి ఎవరూ మరువలేదు.

తేదీ రాసేదెవరు?

జపాన్‌లోని క్యోటో నగరంలో చెర్రీ పూత తేదీలు సుమారు 1200 ఏళ్ల నాటి నుంచి లభిస్తున్నాయి. అందుకే 2021 మార్చి 26న నిండుగా పూసినప్పుడు, ఇంత ముందుగా ఎన్నడూ పూయలేదని అక్కడివారు ధీమాగా చెప్పగలిగారు. మన వద్ద ఉన్నది పెద్దల జ్ఞాపకమే, అదీ తిథుల్లో. వాన లెక్క మండలాల వారీగా రాస్తున్నాం గానీ పూత లెక్క రాయడం లేదు. గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రం చొరవ తీసుకుంటే ఇందుకు పైసా ఖర్చు ఉండదు. ప్రతి ఊరి బడిలో ఒక వేప, ఊరి బయట ఒక మోదుగు, ఒక మామిడి తోటను ఎంచుకుని తొలి పూత, నిండు పూత, తొలి పిందె కనబడిన తేదీలను ఇంగ్లిషు నెలల్లో రాసి ఉంచితే చాలు. ఏటా అవే చెట్లను చూడాలి. చెట్టు మారితే లెక్క చెడుతుంది.