మందు ధర తగ్గింది... మరి పరీక్ష మాటేమిటి?

క్యాన్సర్ మందులపై జీఎస్టీ ఎత్తేశారన్న వార్త వచ్చిన వారంలో ఒకామె పేపరు ముక్క పట్టుకుని మా ఓపీకి వచ్చారు. భర్తకు ఊపిరితిత్తుల క్యాన్సర్. వార్తలో ఆ జబ్బు పేరున్న చోట పెన్నుతో గీత గీసుకున్నారు. ‘‘సార్, ఈ మందు మా ఆయనకు పనిచేస్తుందా? చేస్తుందంటే అర ఎకరం అమ్మేస్తాం, బేరం కూడా వచ్చింది’’ అన్నారు. నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. బయాప్సీ రిపోర్టులో క్యాన్సర్ రకం రాసి ఉంది. కానీ దాన్ని లోపలి నుంచి నడిపిస్తున్నది ఏమిటో తేల్చే పరీక్ష చేయించలేదు. అది తెలియకుండా ఆ మందు రాస్తే చీకట్లో రాయి వేసినట్టే.

ఇది ఆ కుటుంబం ఒక్కదాని సమస్య కాదు. 2024 జులై బడ్జెట్‌లో ఒసిమెర్టినిబ్, ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్, డుర్వాలుమాబ్ అనే మూడు క్యాన్సర్ మందులపై కస్టమ్స్ సుంకం ఎత్తేశారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 33 ప్రాణాధార మందులపై 12 శాతంగా ఉన్న జీఎస్టీని సున్నా చేశారు. అలెక్టినిబ్, అమివాంటమాబ్, అసిమినిబ్ లాంటివి ఈ జాబితాలో ఉన్నాయి. మంచి నిర్ణయాలే. అయితే ఇవి రోగులందరికీ ఒకేలా ఇచ్చే మందులు కావు. ఎవరికి పనిచేస్తాయో, ఎవరికి పనిచేయవో తెలియాలంటే ముందు కణం లోపల ఏం జరుగుతుందో చూడాలి.

కణానికి కబురు అందేదిలా

మీ కాలేయ కణంలోనూ, చర్మ కణంలోనూ ఉన్న జన్యువులు ఒకటే. ప్రొటీన్లు తయారుచేసేవే దాదాపు 20 వేలు. అయినా కాలేయం చేసే పని చర్మం చేయదు. ఏ కణంలో ఏ జన్యువులు పనిచేయాలి, ఏవి ఊరుకోవాలి అన్న ఏర్పాటు వేరు కావడమే కారణం. ఈ ఏర్పాటును వేళకు తగ్గట్టు మార్చేవి బయటి నుంచి వచ్చే కబుర్లే.

కూరగాయలు తరుగుతుంటే వేలు తెగిందనుకోండి. గాయం దగ్గర పెరుగుదల కారకాలు అనే ప్రొటీన్లు విడుదలవుతాయి. ఇవి చుట్టుపక్కల కణాల పైపొర మీదున్న గ్రాహకాలకు అతుక్కుంటాయి. ఈజీఎఫ్ఆర్ అలాంటి గ్రాహకమే. అది మేల్కొని లోపలున్న రాస్ అనే ప్రొటీన్‌ను లేపుతుంది. రాస్ నుంచి రాఫ్‌కు, అక్కడి నుంచి మెక్‌కు, ఎర్క్‌కు కబురు చేతులు మారుతుంది. చివరికి ఎర్క్ కణ కేంద్రకంలోకి వెళ్లి, విభజనకు కావాల్సిన జన్యువులు పనిచేసేలా చేస్తుంది. కొత్త కణాలు పుడతాయి, గాయం మానుతుంది.

ఇందులో అసలు విశేషం కబురు ఆగిపోవడం. రాస్ తనంతట తానే ఆరిపోతుంది. గ్రాహకాన్ని కణం లోపలికి లాగేసుకుంటుంది. అందుకే వేలి గాయం మానాక అక్కడ కండ పెరుగుతూ పోదు.

కొన్ని కబుర్లకు ఇన్ని చేతులు అక్కర్లేదు. ఈస్ట్రోజెన్ హార్మోన్ నేరుగా కణంలోకి వెళ్లి తన గ్రాహకాన్ని కలుస్తుంది. ఆ గ్రాహకమే జన్యువుల దగ్గర కూర్చుని వాటిని పనిచేయిస్తుంది.

ఆగని కబురే క్యాన్సర్

జన్యువులో మార్పు వచ్చి, ఈ వరుసలో ఏదో ఒక స్విచ్ ‘ఆన్’లోనే ఇరుక్కుపోయిందనుకోండి. బయట గాయం లేదు, ఎవరూ కబురు పంపలేదు. అయినా ‘విభజించు’ అన్న ఆజ్ఞ లోపల మోగుతూనే ఉంటుంది. మనుషుల్లో వచ్చే క్యాన్సర్లలో దాదాపు ఐదో వంతులో రాస్ ఇలా ఇరుక్కుపోయి ఉంటుంది. కొందరి ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్, మరికొందరిలో ఏఎల్‌కే అనే జన్యువు కారణం. రొమ్ము క్యాన్సర్లలో 15 నుంచి 20 శాతం మందిలో హెర్2 గ్రాహకాలు మోతాదుకు మించి ఉంటాయి. ఇంకా ఎక్కువమందిలో ఈస్ట్రోజెన్ గ్రాహకమే కణితిని పోషిస్తుంది. విభజనకు అడ్డుకట్ట వేసే పీ53 లాంటి ప్రొటీన్లు కూడా దెబ్బతింటే ఇక పట్టపగ్గాలుండవు.

కాబట్టి ‘ఊపిరితిత్తుల క్యాన్సర్’ అన్నది జబ్బు ఉన్న చోటు మాత్రమే. దాన్ని నడిపించేది ఏదన్నది ఇంకో ప్రశ్న. కొత్త మందుల్లో చాలా వరకు ఈ రెండో ప్రశ్నకు జవాబుగా వచ్చినవే.

ఒక మాత్ర నేర్పిన పాఠం

క్రానిక్ మైలాయిడ్ లుకేమియా, వాడుకలో సీఎంఎల్, ఒక రకం రక్త క్యాన్సర్. ఈ రోగుల కణాల్లో ఒక చిన్న క్రోమోజోమ్‌ను 1960లో ఫిలడెల్ఫియాలో గుర్తించారు. 9వ, 22వ క్రోమోజోమ్‌లు ముక్కలు మార్చుకోవడం వల్ల అది ఏర్పడుతోందని 1973లో జానెట్ రౌలీ తేల్చారు. ఆ అతుకు దగ్గర పుట్టే బీసీఆర్-ఏబీఎల్ ప్రొటీన్ ఎప్పటికీ ఆరని స్విచ్. దానికి శక్తి అందే చోట అడ్డం కూర్చునే ఇమాటినిబ్ మాత్రకు 2001లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ మాత్రతో చికిత్స మొదలుపెట్టినవారిని పదేళ్లకు పైగా గమనించిన అధ్యయనంలో, పదేళ్ల తర్వాత 83 శాతం మంది జీవించి ఉన్నారు. అంతకు ముందు ఈ జబ్బులో అది ఊహకందని మాట.

మన దేశంలో ఈ మందు కథ కోర్టుకెక్కింది. పేటెంట్ కోసం నోవార్టిస్ వేసిన అప్పీలును సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 1న కొట్టివేసింది. ఆ పేటెంటును వ్యతిరేకించిన కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో ఒకటి. అప్పట్లో నెలకు లక్ష దాటే మందుకు జనరిక్ సుమారు పది వేలకే దొరికేది. ఈ రోజు ప్రభుత్వ ఆసుపత్రుల్లో సీఎంఎల్ రోగులు ఆ మాత్ర వేసుకుని పనులకు వెళ్తున్నారంటే ఆ తీర్పు పాత్ర చిన్నది కాదు.

అయితే ధర తగ్గడం ఒక్కటే ఆ విజయానికి కారణం కాదు. సీఎంఎల్‌లో బీసీఆర్-ఏబీఎల్ పరీక్ష చికిత్సలో భాగమైపోయింది. రక్త నమూనా చాలు. జబ్బు నిర్ధారణకు అదే, మందు పనిచేస్తోందా అని మూడు నెలలకోసారి చూడడానికీ అదే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో పరీక్ష ఇంకా అంతగా అలవాటు కాలేదు.

గురి తప్పితే నష్టమే

‘ఖరీదైన మందు కదా, వాడి చూద్దాం, పోయేదేముంది’ అని చాలామంది అంటుంటారు. పోయేది చాలా ఉంది. తూర్పు ఆసియా దేశాల ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులపై జరిగిన ఐపాస్ అధ్యయనం ఫలితాలు 2009లో వెలువడ్డాయి. ఈజీఎఫ్ఆర్‌ను అడ్డుకునే జెఫిటినిబ్ మాత్రను మామూలు కీమోతో పోల్చారు. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవారిలో 71 శాతం మందికి కణితి తగ్గింది. మార్పు లేనివారిలో తగ్గింది కేవలం 1 శాతం మందికి. పైగా వీరిలో మాత్ర వేసుకున్నవారికి కీమో తీసుకున్నవారి కంటే జబ్బు త్వరగా ముదిరింది. ఒకే మాత్ర ఒకరికి మేలు, ఇంకొకరికి విలువైన నెలల నష్టం.

లెక్క కూడా చూడండి. పన్ను కాకుండా లక్ష రూపాయలయ్యే మందుపై 12 శాతం జీఎస్టీ తీసేస్తే 12 వేలు మిగులుతాయి. పనిచేయని రోగికి అదే మందు కొంటే లక్షా వృథా. పన్ను తగ్గింపు ఫలితం పూర్తిగా దక్కాలంటే పరీక్ష ముందుండాలి.

చేయాల్సిందేమిటి?

2025-26 కేంద్ర బడ్జెట్‌లో 200 డే కేర్ క్యాన్సర్ కేంద్రాలు పెడతామన్నారు. మూడేళ్లలో అన్ని జిల్లా ఆసుపత్రులకూ విస్తరిస్తామన్నారు. కీమో కోసం ప్రతిసారీ హైదరాబాద్‌కో, విశాఖకో ప్రయాణం తప్పుతుంది కాబట్టి ఇది పెద్ద ఊరట. కానీ ఆ కేంద్రంలో పడకలు, సెలైన్లు ఉండి పరీక్షలకు దారి లేకపోతే, పాత కీమోనే ఇంటికి దగ్గరగా ఇచ్చినట్టవుతుంది.

ప్రతి జిల్లాలో జన్యు ప్రయోగశాల పెట్టాల్సిన పని లేదు. ప్రయాణం చేయాల్సింది రోగి కాదు, నమూనా. బయాప్సీ ముక్కను మైనంలో భద్రపరిచిన బ్లాకు గది ఉష్ణోగ్రతలో ఏళ్ల తరబడి నిలుస్తుంది. హైదరాబాద్‌లోని ఎంఎన్‌జే, విశాఖలోని హోమీ భాభా, తిరుపతిలోని స్వికార్ లాంటి కేంద్రాలకు జిల్లాల నుంచి బ్లాకులు పంపి, రిపోర్టు ఫోన్‌లోనే తెప్పించుకునే ఏర్పాటు అసాధ్యం కాదు. ఆరోగ్య పథకాల్లో ఒక మందును చేర్చినప్పుడే దానికి ముందు చేయాల్సిన పరీక్షనూ చేర్చాలి. రోగి వచ్చి అడిగేదాకా ఆగకుండా, బయాప్సీలో ఫలానా క్యాన్సర్ అని తేలగానే పాథాలజీ విభాగమే తర్వాతి పరీక్ష మొదలుపెట్టాలి.

పరీక్ష చేసిన ప్రతివారికీ తగిన మాత్ర దొరుకుతుందని చెప్పడం లేదు. మార్పు కనిపించినా మందు లేని సందర్భాలు ఇప్పటికీ ఉన్నాయి. పనిచేసిన మందును కొంతకాలానికి క్యాన్సర్ కణం పక్కదారి వెతుక్కుని తప్పించుకోవచ్చు. అప్పుడు మళ్లీ పరీక్ష చేయాల్సి ఉంటుంది.

మీరు గుర్తుంచుకోవాల్సినవి

* రొమ్ము క్యాన్సర్ అయితే ఈఆర్, పీఆర్, హెర్2 పరీక్షలు చేశారా అని అడగండి. హెర్2 ఫలితం ‘2+’ అని వస్తే అది తేలనట్టే. ఫిష్ అనే మరో పరీక్ష కావాలి.
* ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ‘అడినోకార్సినోమా’ అని రాసి ఉంటే ఈజీఎఫ్ఆర్, ఏఎల్‌కే పరీక్షల గురించి అడగండి. పొగతాగే అలవాటు లేనివారిలో ఈ మార్పులు కనిపించే అవకాశం ఎక్కువ.
* బయాప్సీ బ్లాకు ఎక్కడ ఉందో తెలుసుకోండి. ఆసుపత్రి మారితే రిపోర్టుతో పాటు బ్లాకునూ తీసుకెళ్లండి. మళ్లీ సూది గుచ్చే బాధ తప్పవచ్చు.
* పరీక్ష మీ పథకంలో వస్తుందా అని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.
* రోగి నీరసించిపోతుంటే రిపోర్టు కోసం చికిత్సను ఆపుకోకండి. ఈలోగా ఏం మొదలుపెట్టాలో డాక్టరు చెబుతారు.
* మాత్ర మొదలుపెట్టాక సొంతంగా ఆపవద్దు. నా దగ్గరికి వచ్చే ఒక ఆటో డ్రైవర్ సీఎంఎల్ మాత్రతో తెల్ల రక్తకణాలు మామూలు స్థాయికి రాగానే ‘తగ్గిపోయింది కదా’ అని మానేశాడు. ఏడు నెలలకు పొట్టలో ఎడమవైపు బరువుతో తిరిగొచ్చాడు, ప్లీహం మళ్లీ వాచింది. రక్తంలో అంకెలు సరిపోవడం వేరు, స్విచ్ ఆరిపోవడం వేరు. లోతుగా తగ్గినవారిలో కూడా డాక్టర్ల పర్యవేక్షణలో మాత్ర ఆపి చూస్తే, దాదాపు సగం మందిలో జబ్బు తిరిగి వచ్చింది.

పేపరు ముక్కతో వచ్చినామె సంగతి చెప్పి ముగిస్తాను. బ్లాకు పంపి పరీక్షలు చేయించాం. ఆమె భర్త కణితిలో ఈజీఎఫ్ఆర్ మార్పు లేదు, ఏఎల్‌కే మార్పూ లేదు. ఆమె గీత గీసుకున్న మందు ఆయనకు పనికిరాదు. మాట చెప్పగానే ఆమె ముఖం వాడిపోయింది. ఆయనకు తగిన కీమో మొదలుపెట్టాం, అది ప్రభుత్వ ఆసుపత్రిలోనే దొరుకుతుంది. రెండో విడతకు వచ్చినప్పుడు ఆయన దగ్గు తగ్గింది. ‘‘పొలం బేరం వద్దని చెప్పేశాం సార్’’ అన్నారామె. మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి అవసరం వస్తే, మందు ధర అడిగే ముందు పరీక్ష ఏమైందని అడగండి.