వెబ్ తరాలు మారుతున్నాయి: మన బడి తెలుగు ఎక్కడ?

1989లో సెర్న్‌లో టిమ్ బెర్నర్స్-లీ ప్రతిపాదించిన వెబ్‌కు తొలి తరంలో మనం పాఠకులం మాత్రమే. అప్పట్లో ఒక్కో తెలుగు సైటుకు ఒక్కో ఫాంటు. అది లేకుంటే తెరమీద పిచ్చి గుర్తులే కనిపించేవి. యూనికోడ్ వాడకం పెరిగాక ఆ ఇబ్బంది తీరింది. రెండో తరంలో చదివేవారే రాసేవారయ్యారు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా అందుకు మంచి ఉదాహరణ.

మూడో తరం ఏదన్నదానిపై ఏకాభిప్రాయం లేదు. 2014లో గావిన్ వుడ్ చెప్పిన 'వెబ్ 3' బ్లాక్‌చెయిన్ ఆధారంగా, పెత్తనం కొన్ని కంపెనీల చేతిలోనే ఉండకూడదన్న ఆలోచన. కానీ పిల్లల చేతికి ముందుగా అందింది కృత్రిమ మేధ. మనుషులు రాసిపెట్టిన దాన్నుంచే అది నేర్చుకుంటుంది.

కెంచనగుడ్డ వంటి సరిహద్దు ఊళ్లకు చిక్కు ఇక్కడే. మన తెలుగు మాధ్యమం పిల్లలు చదివేది కర్ణాటక పాఠ్యక్రమం. వెబ్‌లో దొరికే తెలుగు పాఠాలు ఎక్కువగా ఆంధ్ర, తెలంగాణ సిలబస్‌వి. అడిగితే జవాబు చక్కటి తెలుగులోనే వస్తుంది. మన పరీక్షకు సరిపోకపోవచ్చు. కన్నడ మాటలు కలిసిన బళ్లారి తెలుగు రాతలోకి వచ్చింది తక్కువ, కాబట్టి యంత్రానికి అందేదీ తక్కువే.

అందుకని టీచర్లు ప్రతి జవాబునూ పాఠ్యపుస్తకంతో సరిచూసే అలవాటు నేర్పాలి. తల్లిదండ్రులు తుంగభద్ర ఒడ్డు సాగుమాటలు, వంటమాటలు పిల్లల చేత రాయించాలి. వాటిని విక్షనరీలో, ఊరి సంగతులను ఆధారాలతో వికీపీడియాలో చేర్చవచ్చు. ఖర్చు లేని పని. నెలకు ఒక్క పీరియడు చాలు.