అమీర్‌పేట తాలీమ్, అస్లీ హునర్

మా కొత్తపట్నం పిల్లలు జావా కోసం ఒంగోలులో రైలెక్కి అమీర్‌పేట పోతారు. చెల్లెలి కొడుకూ పోయాడు. వాళ్ల అబ్బా సరుగుడు తోట కొట్టించిన పైసలు ఫీజుకే సరి. వచ్చాక స్ప్రింగ్ బూట్, డాకర్, కుబర్నెటీస్ అన్నీ హిఫ్జ్ చేసినట్టు అప్పజెప్పాడు. "బేటా, ఆర్డర్ సర్వీస్ అడిగితే పేమెంట్ సర్వీస్ జవాబివ్వలేదు. ఏం చేస్తావ్?" అన్నా. ఖామోష్!

మైక్రోసర్వీసుల అస్లీ ముష్కిల్ అదే కదా జనాబ్! ఒకే అప్లికేషన్‌లో ఫంక్షన్ పిలుపు నెట్‌వర్క్ దాటదు. ముక్కలు చేస్తే దాటాలి. టైమవుట్ పెట్టాలి. మళ్లీ అడిగితే గిరాకీ డబ్బు రెండుసార్లు కట్ కాకుండా చూడాలి. 2022 నుంచి అమెజాన్ క్లౌడ్ రీజియన్ హైదరాబాద్‌లోనే ఉంది, దగ్గరైనంత మాత్రాన ఈ ఫికర్ తీరదు.

నా రాయ్: ముందు ఒకే అప్లికేషన్ రాయించండి, సర్వర్‌లో పెట్టించండి, పాడు చేయించండి. ముక్కల సంగతి తర్వాత. మావాడిప్పుడు రాత్రుళ్లు పేమెంట్ కంటైనర్‌ని తానే ఆపి లాగ్‌లు చదువుతున్నాడు, ముఫ్త్‌గా.