వంటింటి ముచ్చట్లు: ఏది దేనితో తినాలి?

వారానికి సరిపడా వంటల పట్టిక ఆదివారం నాడే రాసి పెట్టుకునే ఇల్లాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. కూరగాయల ఖర్చు అదుపులో ఉంటుంది, తెల్లవారగానే "ఇవాళ ఏం కూర?" అన్న బెంగ ఉండదు. అయితే కొన్ని ఇళ్ళలో ఆ పట్టికలోకి ఒక కొత్త నియమం వచ్చి చేరింది. అన్నంలో పప్పు కలపకూడదట! పిండిపదార్థాలు ఒక పూట, మాంసకృత్తులు ఇంకో పూట తింటేనే అరుగుతాయట!

ఈ మాట మన పెద్దలు చెప్పినది కాదు. ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలో విలియం హోవర్డ్ హే అనే అమెరికా వైద్యుడు ప్రచారం చేసినది. నిజానికి నూరు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాముల మాంసకృత్తులుంటే, 50 గ్రాములకు పైగా పిండిపదార్థాలూ ఉన్నాయి. ఒకే గింజలో కలిసి ఉన్నవాటిని మనం విడదీసేదెలా? మన చిన్నపేగులో ఆ రెంటినీ అరిగించే రసాలు ఒకేసారి పనిచేస్తాయి. స్విట్జర్లాండులో స్థూలకాయుల మీద జరిపి 2000లో ప్రకటించిన ఒక పరిశీలనలో, విడివిడిగా తిన్నవారికీ కలిపి తిన్నవారికీ తగ్గిన బరువులో చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు.

అలాగని ఏది దేనితో తిన్నా ఒకటే అనుకోకండి. కలపవలసినవీ, దూరంగా ఉంచవలసినవీ ఉన్నాయి.

మొదటిది, ధాన్యానికి పప్పు తోడు. బియ్యంలో తక్కువగా ఉండే లైసిన్ పప్పులో పుష్కలంగా ఉంటుంది. పప్పులో తక్కువైన మిథియోనిన్ బియ్యంలో దొరుకుతుంది. మూడు పాళ్ళు ధాన్యానికి ఒక పాలు పప్పు మంచి కొలత.

రెండవది, ఆకుకూరకు పులుపు తోడు. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి అంత సులువుగా పట్టదు. సి విటమిన్ ఉంటే మేలుగా పడుతుంది. నిమ్మకాయను గిన్నె దించి, వేడి కాస్త తగ్గాక పిండాలి. ఉడికిస్తే ఆ విటమిన్ చాలావరకు నశిస్తుంది. జామకాయ, ఉసిరికాయ కూడా ఇందుకు చక్కనివి.

మూడవది, గుమ్మడికీ ఆకుకూరలకూ కాస్త నూనో నెయ్యో తోడు. కంటికి మేలుచేసే కెరోటిన్ కొవ్వు లేకుండా ఒంటికి సరిగా పట్టదు.

ఇక దూరంగా ఉంచవలసినవి కాఫీ, టీలు. తమిళనాడు, కర్ణాటకలలో ఉన్న మన కుటుంబాల్లో టిఫిను ముగించీ ముగించకముందే ఫిల్టరు కాఫీ దిగాల్సిందే. కానీ అది తిన్న ఇనుమును ఒంటబట్టనివ్వదు. భోజనానికి గంట ముందూ గంట తర్వాతా కాఫీ, టీలు వద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనలలో చెప్పింది. డాక్టరు ఇనుము మాత్రలు, కాల్షియం మాత్రలు రెండూ రాసి ఇస్తే, వాటినీ ఒకే వేళ వేసుకోకూడదు.

ఇరుగుపొరుగుల వంటలను కూడా కలుపుకుని, మధ్యాహ్న భోజనానికి ఇలా పట్టిక వేసుకోవచ్చు:

సోమవారం: అన్నం, తోటకూర పప్పు, నిమ్మచెక్క.
మంగళవారం: కన్నడిగుల తరహాలో రాగిముద్ద, అలసందల పులుసు, ఒక జామకాయ. నూరు గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది.
బుధవారం: అన్నం, సాంబారు, మొలకెత్తిన పెసల కోసంబరి. నానబెట్టి మొలకెత్తిస్తే, ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి.
గురువారం: బరంపురం వారికి అలవాటైన దాల్మా. పప్పు, గుమ్మడి, అరటికాయ ఒకే గిన్నెలో ఉడుకుతాయి. నేతిపోపు మరవకండి.
శుక్రవారం: షోలాపూరు పద్ధతిలో జొన్నరొట్టె, మెంతికూర పప్పు, వేరుశనగ పొడి, నిమ్మచెక్క.
శనివారం: అన్నం, పెసరపప్పు వేసిన మునగాకు కూర, ఉసిరికాయ పచ్చడి.
ఆదివారం: యానాం వారిలా చేపల పులుసు, పక్కన ఒక ఆకుకూర. చేప తోడైతే ఆకుకూరలోని ఇనుము కూడా బాగా పడుతుంది. శాకాహారులకు శనగల కూర, టమాటా, నిమ్మరసం.

చేపలు తిన్న పూట పాలు తాగవద్దన్న మాట చరక సంహితలోనే ఉంది. పాటించేవారు పాటించండి. పాలు మరో పూట తాగితే పోయేదేమీ లేదు.

ఇంత శ్రద్ధ ఎందుకంటారా? 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. కారణాలు అనేకం. మన ఇళ్ళలో మన కళ్ళెదుట కనిపించేది ఒకటుంది. అందరికీ వడ్డించి ఆఖరున కూర్చునే ఇల్లాలి వంతుకు పప్పు గిన్నె అడుగంటుతుంది, ఆకుకూర అయిపోతుంది. మిగిలిన అన్నంలో పచ్చడీ మజ్జిగా కలుపుకుని, పైన ఒక కాఫీ తాగి లేస్తుంది. పట్టిక ఎంత చక్కగా రాసినా, అందులో ఉన్నవి ఆమె కంచంలోకి రాకపోతే ఫలమేముంది?

కాబట్టి వంట దించగానే ఆమె వాటా వేరే గిన్నెలో తీసి మూతపెట్టండి. వీలైతే అందరూ కలిసి కూర్చుని తినండి. ఈ బాధ్యత ఇంటాయనా, పిల్లలూ తీసుకుంటే మరీ మంచిది. తరచూ ఆయాసం, నీరసం ఉన్నా, కళ్ళు తిరుగుతున్నా రక్తపరీక్ష చేయించండి. పెద్దవయసు స్త్రీలకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు, గర్భిణులకు 11కు తగ్గితే రక్తహీనతే. అప్పుడు తిండి ఒక్కటే చాలదు, డాక్టరు సలహాతో మందులూ కావాలి.

మీరుండే ఊళ్ళో నేర్చుకున్న ఇటువంటి మంచి జోడింపులుంటే రాసి పంపండి. వచ్చే సంచికలో అందరం పంచుకుందాం.