ద్వంద్వయుద్ధము - రాజకీయ వైరము

అమెరికా సంయుక్త రాష్ట్రముల ప్రథమ ఆర్థికమంత్రియైన అలెగ్జాండరు హామిల్టనును, ఉపాధ్యక్ష పదవియం దుండగనే ఆరన్ బర్రు 1804 జూలై 11వ తేదీన వీహాకెను వద్ద ద్వంద్వయుద్ధమున పిస్తోలుతో కాల్చెను. మరునాడు హామిల్టను మరణించెను. ఆ యేడు న్యూయార్కు గవర్నరు ఎన్నికలో బర్రు ఓడెను. హామిల్టను తన్ను తూలనాడెనని పత్రికలో వెలువడిన లేఖను పట్టుకొని సంజాయిషీ కోరెను. 1801లో జ్యేష్ఠపుత్రుని ఇట్టి పోరుననే కోల్పోయిన హామిల్టను, ఇది తన ధర్మమునకు విరుద్ధమని వ్రాసిపెట్టియు, పిరికివాడను అపకీర్తి ప్రజాసేవకు అడ్డువచ్చునని వెళ్లెను. బర్రు గెలిచి సాధించినదేమి? రెండు రాష్ట్రములలో నేరారోపణ, రాజకీయ జీవితమునకు సమాధి! దోషము వారిరువురిదే కాదు. క్షమాపణమును పిరికితనముగా నెంచిన సంఘమునకును అందు పాలు గలదు. ప్రతిపక్షి వాదమును వాదముతోనే ఖండింపవలెను గాని తుపాకిగుండుతో గాదని మా దృఢాభిప్రాయము.