నరం, నాడి, బల్ల

సాలూరులో ‘బాడీ’ అంటే ముందు లారీ బాడీయే. దానికి ఏ చెక్క ఎక్కడ పడుతుందో, ఏ బోల్టు వదులైతే ఏం మోగుతుందో చెప్పగల పనివాళ్లకు ఈ ఊళ్లో కొదవ లేదు. మనిషి బాడీ సంగతి వచ్చేసరికే చిక్కంతా. ఆస్పత్రి ఓపీలో డాక్టరూ రోగీ ఇద్దరూ తెలుగువాళ్లే అయినా, ఒకరు చెప్పేది ఇంకొకరికి సగమే అందుతుంది.

‘నరం’ అన్న మాటే తీసుకోండి. “నరం పట్టేసినాది బాబూ” అని పిక్క చూపించే రైతు చెప్పేది కండరం గురించి. సెలైన్ ఎక్కించడానికి మోచేతి మడతలో వెతుకుతూ “నరం దొరకట్లేదు” అనే నర్సమ్మకు కావలసింది సిర. బస్టాండు గోడల మీద ‘నరాల బలహీనత’కు మందిస్తామనే ప్రకటన దేని గురించో పెద్దవాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఇక బడి పుస్తకంలోని నాడీ వ్యవస్థలో ‘నాడి’ మెదడు నుంచీ వెన్నుపాము నుంచీ వచ్చే తీగ. ఊరి వైద్యుడు మణికట్టు పట్టుకుని చూసే ‘నాడి’ అది కాదు, ధమని కొట్టుకోవడం. కండర వ్యవస్థ, రక్తప్రసరణ వ్యవస్థ, నాడీ వ్యవస్థ మూడూ మన నోట రెండు మాటలతోనే సరిపెట్టుకుంటున్నాయి.

దీన్ని పల్లెటూరి అజ్ఞానం అనేవాళ్లు కొంచెం ఆగాలి. గ్రీకుల ‘న్యూరాన్’ కూడా మొదట్లో కండర బంధనాన్ని చెప్పిన మాటే. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో హెరోఫిలస్ అనే వైద్యుడు శవాలను కోసి చూశాకే నాడులు వేరు, బంధనాలు వేరు అని తేలింది. కోసి చూడనివాడికి చర్మం కింద కనిపించేవన్నీ తాళ్లే. యూరపులోనూ చాలాకాలం ఒక్కో భాగానికి పదేసి పేర్లుండేవి. 1895లో బాసెల్ నగరంలో శరీర నిర్మాణ శాస్త్రవేత్తలు కూర్చుని, సుమారు 50,000 పేర్లను అయిదు వేల పైచిలుకుకు కుదించారు.

మనకూ అలాంటి ప్రయత్నం జరగకపోలేదు. కేంద్రం 1961లో శాస్త్ర సాంకేతిక పారిభాషిక పదాల సంఘాన్ని పెట్టింది. 1968లో తెలుగు అకాడమీ వచ్చింది. అవటు గ్రంథి, అధివృక్క గ్రంథి, ప్లీహం, క్లోమం లాంటి మాటలు పాఠ్యపుస్తకాల్లో స్థిరపడ్డాయి. వాటి మీద నాకు కోపం లేదు. కానీ 1923లో మొదలైన విశాఖ వైద్య కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రాన్ని నూరేళ్లుగా ఇంగ్లిషులోనే చెబుతున్నారు. కాబట్టి ‘అవటు గ్రంథి’ డాక్టరు చదవలేదు, రోగి వినలేదు. మధ్యలో పదో తరగతి పిల్లాడికి మాత్రం తెలుసు, అదీ పరీక్ష దాకా. ఇద్దరి మధ్యా వంతెన కావలసిన భాష ఎవరికీ చెందకుండా పోయింది. దాని ఇంగ్లిషు పేరు థైరాయిడ్ మాత్రం ఎవరూ నేర్పకుండానే ఊరూరా తిరుగుతోంది.

ఇదంతా తెలుగు మాట్లాడేవాళ్ల గొడవ. పాచిపెంట, మక్కువ కొండల మీంచి దిగివచ్చేవాళ్లలో కొందరి ఇంటి భాష కువి, కొందరిది సవర, కొందరిది గదబ, కొందరిది ఆదివాసీ ఒడియా. బరో, ఎమెనో కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు రెండో ముద్రణ (1984) సాలూరు గదబను ప్రత్యేకంగా గుర్తించి, మాటలను నమోదు చేసింది. గిడుగు రామమూర్తి పంతులు సవర - ఇంగ్లిషు నిఘంటువు 1938లోనే వచ్చింది. ఆ భాషల్లో కన్నుకూ కాలికీ ఏమంటారో ఎక్కడెక్కడి పండితులకో తెలుసు. పక్కనే ఉన్న మన మందుల చీటీకి తెలియదు.

మాటతో పనేముంది, వేలితో చూపిస్తే చాలదా అనొచ్చు. చాలదు. ప్లీహం సంగతి చూడండి. ఎడమవైపు పక్కటెముకల చాటున ఉండే ఈ అవయవం ముసలివైన రక్తకణాలను వడగడుతుంది. ఆరోగ్యంగా ఉన్నప్పుడు సాధారణంగా చేతికి తగలదు. మలేరియా పదేపదే వస్తే పెరుగుతుంది. సికిల్‌సెల్ అనే రక్తవ్యాధి ఉన్న చిన్నపిల్లల్లో ఒక్కోసారి రక్తం దానిలో చిక్కుకుపోయి గంటల్లోనే ఉబ్బుతుంది. బిడ్డ పాలిపోతుంది, ఆలస్యమైతే ప్రాణం పోతుంది. జమైకాలో డాక్టర్లు తల్లులకే పిల్లల పొట్ట తడిమి చూడడం నేర్పారు. ఆ చావులు బాగా తగ్గాయి. 2023 జూలై 1న మన దేశంలో సికిల్‌సెల్ నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలైంది. 2047 ఆ లక్ష్యాన్ని చేరుకోవలసిన గడువు. రక్తపరీక్షలు అవసరమే, కానీ పాచిపెంట కొండమీది తల్లికి ‘ప్లీహం తడిమి చూడమ్మా’ అంటే ఏం చూడాలో ఎలా తెలుస్తుంది?

దానికి తెలుగులో ఎప్పటినుంచో మాటుంది. ‘కడుపులో బల్ల’ అంటారు మన ముసలివాళ్లు. ఎడమ డొక్కలో గట్టిగా, పలకలా చేతికి తగిలేదే బల్ల. తల్లికి కావలసిన సమాచారమంతా ఆ ఒక్క మాటలో ఉంది. అది పాఠ్యపుస్తకానికి మోటుగా తోచి ఉంటుంది. ‘కడుపు’ ఇంకో చిక్కు: జీర్ణాశయమూ అదే, గర్భాశయమూ అదే. ఆడవాళ్లు సిగ్గుతో ఆ మాట వెనకే దాక్కుంటారు, రోగం కూడా దాక్కుంటుంది.

శాస్త్రం పేర్లు తీసేయమని కాదు. ప్లీహం పక్కన బల్లను, సిర పక్కన నరాన్ని, వాటి పక్కన కువి, సవర, గదబ, ఆదివాసీ ఒడియా మాటలను పెట్టి, ముందువైపూ వెనకవైపూ మనిషి బొమ్మలతో ఒక చిన్న పుస్తకం వేయడానికి పెద్ద ఖర్చవదు. ఓపీ బల్ల మీదా, ఆశా కార్యకర్త సంచిలోనూ ఉండవలసిన పుస్తకం అది.

సాలూరు, పాచిపెంట, మక్కువ, మెంటాడ మండలాల ఉపాధ్యాయులకూ నర్సులకూ మా విన్నపం ఒకటే. మీ ఊళ్లో శరీర భాగాలకూ నొప్పులకూ వాడే మాటలను, ఏ భాషవైనా సరే, ఎవరు ఏ అర్థంలో వాడుతున్నారో కలిపి రాసి పంపండి. మేం అచ్చు వేస్తాం.